మా అమ్మాయి శాంతి కోసం లాబీయింగ్ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. సొంతూరు గుంటూరు దగ్గర పల్లె. నేను, నా భార్య ఇద్దరం ఐటీలోనే. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. పొలిటికల్ సైన్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. తర్వాత లా స్కూల్‌కి వెళ్తుందనుకున్నాం. ఇప్పుడేమో వాషింగ్టన్‌లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల లాబీయింగ్ సంస్థలో 11 నెలల ఫెలోషిప్‌కి అప్లై చేస్తానంటోంది. యుద్ధాలు తగ్గించే చట్టాల కోసం పనిచేస్తారట. లాబీయింగ్ అంటే పైరవీయే కదా? పైగా అది క్రైస్తవ సంస్థ, మతం మారమంటారేమోనని మా ఆవిడకి టెన్షన్. ఆ తర్వాత ఉద్యోగం మాటేమిటి? ఒక ఏడాది వృథా అయిపోదా?

జవాబు: ముందు మీ శ్రీమతిగారి భయం సంగతి చూద్దాం. మీ అమ్మాయి చెబుతున్నది ఫ్రెండ్స్ కమిటీ ఆన్ నేషనల్ లెజిస్లేషన్ గురించే అయి ఉంటుంది. అందరూ ఎఫ్‌సీఎన్‌ఎల్ అంటారు. ఆ ఫెలోషిప్‌కి ఏ మతంవాళ్లయినా అప్లై చేయొచ్చు. మీరు అనుకునే చర్చి పద్ధతి కూడా క్వేకర్లలో చాలామందికి ఉండదు. పాస్టర్ ఉండడు, ప్రసంగం ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నాలుగు మాటలు చెప్పి మళ్లీ కూర్చుంటారు. అమ్మాయి మతం గురించి మీరు బెంగపడాల్సిన పనిలేదు.

ఇక పైరవీ సంగతి. మన ఊళ్లో పైరవీ అంటే తెలిసినవాడి ద్వారా, తలుపు వెనక, మన పని మనం చేయించుకోవడం. అమెరికా లాబీయింగ్‌లో అలాంటిదీ ఉంది, లేదనను. కానీ అక్కడ రిజిస్టర్ అయిన లాబీ సంస్థలు ఏ విషయాల మీద పనిచేశాయో, ఎంత ఖర్చుపెట్టాయో మూడు నెలలకోసారి కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, రాసివ్వాలి. ఆ కాగితాలు మీరు కూడా తీసి చూడొచ్చు. ఎఫ్‌సీఎన్‌ఎల్ ఏ అభ్యర్థికీ ఎన్నికల చందా ఇవ్వదు. ఫలానావారికి ఓటేయండని చెప్పదు. మరి చందా ఇవ్వనివాళ్ల మాట కాంగ్రెస్ సభ్యుడు ఎందుకు వినాలి? మీ అమ్మాయి ఆ 11 నెలల్లో నేర్చుకునేది సరిగ్గా ఇదే.

కాంగ్రెస్ ఉండే కాపిటల్ హిల్ మీద ఆఫీసుకి వెళ్తే చాలాసార్లు సభ్యుడు దొరకడు. మీ అమ్మాయి కంటే మూడు నాలుగేళ్లు పెద్దయిన ఒక సహాయకుడు బయటికొచ్చి కూర్చోబెడతాడు. అతని చేతిలో నోట్‌బుక్, అతని దగ్గర పావుగంట టైమ్. ఆ రోజు అతన్ని కలవడానికి వచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. ఆ పావుగంటలో నాలుగు పనులు అవ్వాలి. ముందు, ఆ సభ్యుడు ఇదివరకు చేసిన ఏదైనా మంచి పనికి థాంక్స్ చెప్పాలి. అది నిజంగా చేసిన పనై ఉండాలి, ఊరికే పొగిడితే వెంటనే తెలిసిపోతుంది. తర్వాత ఆ నియోజకవర్గంలో ఉండే మనిషి తన అనుభవం రెండు నిమిషాల్లో చెప్పాలి. ఆ తర్వాత ఒకే ఒక్క కోరిక, బిల్లు నంబరుతో సహా. చివరగా ఒక పేజీ కాగితం చేతికిచ్చి, ఇంటికెళ్లాక మెయిల్ పెట్టి, రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. చదువుతుంటే తేలికే అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని ఒక బిల్లు తీసుకుని రెండు నిమిషాల్లో చెప్పమంటాను. పదిమందిలో ఎనిమిదిమంది అసలు కోరిక దగ్గరికి రాకముందే టైమ్ అయిపోతుంది.

ఎఫ్‌సీఎన్‌ఎల్ పుట్టింది 1943లో, రెండో ప్రపంచ యుద్ధం నడిమధ్యలో, ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో. కానీ క్వేకర్లకి ఈ పని అంతకంటే చాలా పాతది. 1790లో, అమెరికా మొదటి కాంగ్రెస్‌కే వాళ్లు బానిస వ్యాపారం ఆపండని అర్జీ పెట్టారు. సభలో పెద్ద గొడవ జరిగింది. 1808 దాకా బయటి దేశాల నుంచి బానిసల్ని తేవడాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కి లేదని రాజ్యాంగంలోనే ఉంది, దాంతో ఏమీ తేలలేదు. 1808 జనవరి 1న నిషేధం అమల్లోకి వచ్చింది. బానిసత్వం పూర్తిగా పోవడానికి 1865 దాకా పట్టింది. అర్జీ పెట్టినవాళ్లలో ఎంతమంది అది చూసుంటారు?

ఇప్పటి ఉదాహరణ కావాలంటే, ఇరాక్ మీద యుద్ధానికి అధ్యక్షుడికి అధికారమిస్తూ 2002లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. మీ అమ్మాయి పుట్టకముందు సంగతి. యుద్ధం ముగిసినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ఎవరు అధ్యక్షుడైనా దాన్ని వాడుకునే వీలుంది. దాన్ని రద్దు చేయమని ఎఫ్‌సీఎన్‌ఎల్ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది, వేరే సంస్థలూ తిరిగాయి. 2023 మార్చిలో కాంగ్రెస్ పై సభ సెనేట్ 66-30తో రద్దుకు ఒప్పుకుంది, కానీ అది దిగువ సభ హౌస్‌లో ఆగిపోయింది. చివరికి 2025 డిసెంబరులో రక్షణ శాఖ బిల్లులో భాగంగా రద్దయింది. 23 ఏళ్లు! ఇది మీ అమ్మాయికి చెప్పండి. ఆ 23 ఏళ్లలో ఏదో ఒక ఏడాది ఫెలోగా పనిచేసి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. వాళ్ల ఏడాదిలో గెలుపు లేదు, కానీ ఆ పని వాళ్లు చేయకపోతే ఆ తర్వాతి ఏడాది కూడా లేదు.

అందుకే ఈ పని అందరికీ పడదు. వాదనలో గెలవాలన్న తపన ఉన్న పిల్లలు ఇక్కడ నలిగిపోతారు. యుద్ధ బడ్జెట్‌కి ప్రతిసారీ ఓటేసే సభ్యుడి ఆఫీసుకి కూడా గౌరవంగా వెళ్లి, అతను ఏ మాటకి తల ఊపాడో గుర్తుపెట్టుకుని రావాలి. క్వేకర్లలో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. వాళ్ల సమావేశాల్లో ఓటింగ్ ఉండదు. అందరూ ఒక అభిప్రాయానికి వచ్చేదాకా మాట్లాడుకుంటారు, కుదరకపోతే మౌనంగా కూర్చుని మళ్లీ మొదలుపెడతారు. ప్రతి కొత్త కాంగ్రెస్‌కి ముందు, అంటే రెండేళ్లకోసారి, దేశంలోని క్వేకర్ సమావేశాలన్నిటినీ ఏ అంశాలకి ప్రాధాన్యం ఇవ్వాలో అడిగి, ఆ జవాబుల నుంచే సంస్థ తన పని నిర్ణయించుకుంటుంది. ఇరవై ఒకటేళ్ల వయసులో అంత ఓపికగా వినడం నేర్చుకుంటే, రేపు ఏ కోర్టులో నిలబడినా అది అక్కరకొస్తుంది.

ఉద్యోగం సంగతి నేరుగా చెబుతాను. ఫెలోషిప్‌లో జీతం వస్తుంది. వాషింగ్టన్‌లో అద్దెలు మండిపోతుంటాయి కాబట్టి ఇద్దరు ముగ్గురితో కలిసి ఉండాలి, ఆ ఏడాది మీరు కొంత సాయం చేయాల్సి రావచ్చు. ఆ తర్వాత దారులు చాలానే ఉన్నాయి. కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులు, పాలసీ సంస్థలు, పబ్లిక్ పాలసీలో మాస్టర్స్, లా స్కూల్. ఎఫ్‌సీఎన్‌ఎల్‌కి అధిపతిగా వచ్చిన బ్రిజెట్ మోయ్ కూడా అంతకుముందు అదే సంస్థలో పనిచేసి, వేరేచోట శాంతి పనిలో ఉండి, తిరిగొచ్చినవారే. డిగ్రీకీ లా స్కూల్‌కీ మధ్య ఒక ఏడాది పనిచేయడం అమెరికాలో మామూలే. లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, కాబట్టి చదువు వేడి మీద ఉండగానే రాసేయమనండి. ఆ ఏడాది వృథా కాదని నా గట్టి నమ్మకం.

నేరుగా ఫెలోషిప్‌కి దూకకుండా ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టే వీలూ ఉంది. ఏటా వసంతకాలంలో ఆ సంస్థ స్ప్రింగ్ లాబీ వీకెండ్ పెడుతుంది. దేశం నలుమూలల నుంచి వందలమంది విద్యార్థులు వచ్చి, ట్రైనింగ్ తీసుకుని, చివరి రోజు నిజంగానే హిల్ మీద ఆఫీసులకి వెళ్తారు. అమ్మాయిని ముందు అక్కడికి పంపండి. తిరిగొచ్చాక ఆమె ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

ఇది చదివే ఎఫ్-1 (స్టూడెంట్) వీసా పిల్లలకి ఒక మాట. మీ లెక్క వేరు. చదువయ్యాక పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే, పని మీ చదువుకి సంబంధించినదై ఉండాలి. సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు పొలిటికల్ సైన్స్‌కి సాధారణంగా రాదు. అప్లై చేసే ముందే వర్క్ ఆథరైజేషన్ గురించి అడిగి తెలుసుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు చట్టాల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్ చూడండి. అందులో ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర దాదాపు ఏడాది పాటు బిల్లుల మీద పరిశోధన చేస్తారు. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, వయసు 25 దాటకూడదు.

ఇక మీరు చేయాల్సిన పని ఒకటి. ఈ ఆదివారం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చోండి. మీరు కాంగ్రెస్ సభ్యుడి సహాయకుడు, మీ శ్రీమతిగారు ఫోన్‌లో పావుగంట అలారం పెడతారు. అమ్మాయి వచ్చి తనకి ముఖ్యమనిపించే ఒక్క బిల్లు గురించి మిమ్మల్ని అడగాలి. మీరు మధ్యలో "దానికి డబ్బెక్కడిది?" అని ఒక్కసారి అడ్డుపడండి. ఆమె ఆ ప్రశ్నకి ఎలా జవాబిస్తుందో, అలారం మోగేసరికి ఎక్కడుందో గమనించి నాకు రాయండి.