నాలుగు కోర్ల బోర్డు రెండు రోజులకోసారి బిగుసుకుపోతోంది, లాగ్‌లో ఏమీ లేదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఏం వెతకాలి?

పాత సింగిల్ కోర్ బోర్డు మీద ఇదే డ్రైవర్ బాగానే నడిచిందన్నారు, హ్యాండ్లర్‌లో (డివైస్ ఇంటరప్ట్‌తో పిలవగానే చేస్తున్న పని ఆపి నడిచే కోడ్‌లో) ప్రింట్‌కే, అంటే లినక్స్ కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్, పెడితే సమస్య మాయమవుతోందన్నారు. ఈ రెండూ చదవగానే నాకు మా హార్బర్ బోర్డు గుర్తొచ్చిందండి.

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత రాసుకునే బోర్డు అది. రుషికొండ ఆఫీసులో వారం తిప్పినా ఆగేది కాదు. అక్కడ పెడితే మూడో రోజుకి ఆగేది, ఆకుపచ్చ లైటు వెలిగింది వెలిగినట్టే ఉండిపోయేది. వాళ్ళు స్విచ్ ఆపి వేసేసరికి పాత లాగ్ పోయేది. మీకూ అందుకే ఏమీ కనబడట్లేదేమో, ముందు సీరియల్ కన్సోల్ తగిలించండి, బోర్డు మెసేజీలు తీగ మీద వేరే కంప్యూటర్‌కి వచ్చేస్తాయి.

తప్పు నాదే. డ్రైవర్ రీడ్ ఫంక్షన్‌లో మామూలు స్పిన్ లాక్ (ఖాళీ అయ్యేదాకా కోర్ తిరుగుతూ కాచుకునే లాక్) వాడాను. ఆ లాక్ పట్టుకుని ఉండగా అదే కోర్ మీద ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ అదే లాక్ కోసం తిరుగుతూ కూర్చుంది. లాక్ వదలాల్సిన కోడేమో హ్యాండ్లర్ ముగిస్తే గానీ కదలదు. సింగిల్ కోర్‌కి కట్టిన కెర్నల్‌లో స్పిన్ లాక్‌కి తిరగడమే ఉండదు కాబట్టి అక్కడ ఆగలేదు, కానీ డేటా చెడుతూనే ఉంది. మా పాత సింగిల్ కోర్ బోర్డు రీడింగుల్లో మైనస్ 18ల మధ్య అప్పుడప్పుడూ 400 వచ్చేది. సెన్సర్ పాడైందనుకుని రెండుసార్లు మార్చాం!

రీడ్ వైపు స్పిన్ లాక్ ఐఆర్‌క్యూసేవ్ (లాక్ పట్టుకున్నంతసేపూ ఆ కోర్ మీద ఇంటరప్టులు ఆపే రకం) పెట్టగానే సమస్య పోయింది.

మీరు మాత్రం నాలా మూడేసి రోజులు కాచుకోకండి. ప్రూవ్ లాకింగ్ అనే కెర్నల్ సెట్టింగ్ ఆన్ చేసి కెర్నల్ మళ్ళీ కట్టండి. 2006 నుంచీ కెర్నల్‌లోనే ఉన్న లాక్‌డెప్, అంటే లాకుల వాడకంలో తప్పులు పట్టే సాధనం, దాంతో పనిచేస్తుంది. బోర్డు నిజంగా బిగుసుకోనక్కర్లేదు, రీడ్ దారీ హ్యాండ్లర్ దారీ చెరోసారి నడిస్తే చాలు, 'ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్' అని ఏ లాకో చూపిస్తుంది. బోర్డు నెమ్మదిస్తుంది, అందుకని కస్టమర్ దగ్గరికి ఆ కెర్నల్ పంపకండి. ప్రింట్‌కేలు తీసేయండి, అవి టైమింగ్ మార్చి జబ్బును దాచేస్తున్నాయి.

కన్సోల్‌లో 'నోబడీ కేర్డ్' అని వస్తే మాత్రం దారి వేరు. లక్ష ఇంటరప్టుల్లో 99,900కి పైగా ఏ హ్యాండ్లరూ నాది అనకపోతే కెర్నల్ ఆ లైన్ మూసేస్తుంది. అప్పుడు హ్యాండ్లర్, ఇంటరప్ట్ ఇచ్చింది తన డివైసేనా అని చెప్పే స్టేటస్ రిజిస్టర్ సరిగ్గా చదివి, క్లియర్ చేస్తోందా చూడండి.

లాక్‌డెప్ రిపోర్ట్ వస్తే ముక్క కోయకుండా మొత్తం పెట్టండి, చూస్తాను.