హాజరు 68 శాతం, పరీక్షలకి 18 రోజులు: హాస్టల్ గొడవ పక్కన పెట్టి ఇది చదవండి

ప్రశ్న (కుదించి): నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉంటాను. సాయంత్రం ఆరు దాటితే గేటు దాటనివ్వరు. ఔటింగ్ నెలకి ఒక్కసారి, అదీ అమ్మ వార్డెన్‌కి ఫోన్ చేస్తేనే. రాత్రి పదింటికి ఫోన్లు తీసేసుకుంటారు. ఐడీ కార్డు మెళ్లో లేకపోతే ఫైన్. క్లాసుకి ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆబ్సెంట్. ఈ సెమిస్టర్‌లో నాకు డెంగీ వచ్చింది. ఐదు రోజులు హాస్పిటల్లో, తర్వాత ఆరు రోజులు ఇంట్లో ఉన్నాను. తిరిగొచ్చాక విసుగొచ్చి కొన్ని క్లాసులకి వెళ్లలేదు, అది నిజమే. నాలుగు రోజుల క్రితం డిటైన్ లిస్టు (హాజరు చాలక పరీక్ష రాయనివ్వని వాళ్ల పేర్లు) పెట్టారు, అందులో నా పేరుంది. 420 పీరియడ్లకి 287 వచ్చాయట. టెక్ ఫెస్ట్‌లో రెండు రోజులు వాలంటీర్‌గా పని చేస్తే ఆ రెండు రోజులూ ఆబ్సెంటే వేశారు. కండొనేషన్‌కి (తక్కువైన హాజరుకి మినహాయింపు) అప్లై చేయమని కాలేజీ మెయిల్‌కి పంపారట, నేను చూడలేదు. ఇప్పుడు గడువు అయిపోయిందంటున్నారు. తప్పు నాదేనని లెటర్ రాసిస్తే వచ్చే ఏడాది మళ్లీ ఈ సెమిస్టర్ చదవనిస్తామని హెచ్‌ఓడీ సార్ అన్నారు. ఒక ఫ్రెండ్ 1,500 రూపాయలకి పాత తేదీలతో మెడికల్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటోంది. డిశ్చార్జ్ కాగితం ఎక్కడుందో తెలియదు, ల్యాబ్ రిపోర్టు పాత ఫోన్‌లో పోయింది. పరీక్షలు 18 రోజుల్లో ఉన్నాయి. ఇలాంటి రూల్స్ చెల్లవని కోర్టుకి వెళ్లొచ్చా? నాన్న కన్స్యూమర్ కోర్టు అంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో మూడున్నర పేజీలు హాస్టల్ గురించే. కేసు తేలేది మీరు చివర్లో జత చేసిన ఫొటో మీద. అది మీ యూనివర్సిటీ అకడమిక్ రెగ్యులేషన్స్ పేజీ. దాన్ని మీరు పూర్తిగా చదివినట్టు లేదు.

అందులో మూడు మాటలున్నాయి. పరీక్ష రాయాలంటే మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కి పైన, 75కి లోపు ఉన్నవారికి సరైన కారణం, ఆధారం చూపిస్తే ఫీజు కట్టించుకుని మినహాయింపు ఇవ్వొచ్చు. 65కి తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు. జేఎన్‌టీయూ రెగ్యులేషన్స్ తీసినా ఇదే లెక్క కనిపిస్తుంది. ఇప్పుడు మీ అంకెలు చూడండి. 420కి 287 అంటే 68.33 శాతం. 75 శాతానికి 315 కావాలి, అంటే మీకు తక్కువైనవి 28 పీరియడ్లు. 65 శాతం గీత 273 దగ్గరుంది. మీరు దానికి 14 పైన ఉన్నారు. ఆ 14 పీరియడ్ల వల్లే మీకు ఇవాళ నేను చెప్పగలిగింది ఏదైనా ఉంది. 272 వచ్చి ఉంటే ఈ జవాబు రెండు లైన్లలో అయిపోయేది.

మరి అడ్డం ఏమిటి? గడువు. ఆ గడువు ఎక్కడుందో చూడండి. రెగ్యులేషన్‌లో లేదు. కండొనేషన్ అప్లికేషన్‌కి ఆఖరి తేదీ మీకు మెయిల్‌లో వచ్చిన సర్క్యులర్‌లో మాత్రమే ఉంది. రెగ్యులేషన్‌లోని 65 శాతం గీతను వైస్ చాన్సలర్ కూడా దాటలేరు. ఆఫీసు పని సౌకర్యం కోసం సర్క్యులర్‌లో వేసిన తేదీని మాత్రం, తగిన కారణం ఉంటే, వేసిన అధికారే సడలించవచ్చు. మీరు అడగాల్సింది అదొక్కటే: ఆలస్యాన్ని మన్నించి నా కండొనేషన్ అప్లికేషన్‌ని తీసుకోండి, నా ఆధారాలు చూసి నిర్ణయించండి. మినహాయింపు ఇచ్చి తీరాలని అడిగే హక్కు మీకు లేదు, అది వాళ్ల విచక్షణ. కానీ ఆ విచక్షణని కాగితం చూసి, కారణం రాసి వాడమని అడిగే హక్కు ఉంది.

హాజరు చాలలేదన్న కారణంతో ఉత్తరప్రదేశ్‌లో ఇంటర్ బోర్డు ఒక అమ్మాయి పరీక్షను రద్దు చేసిన కేసు 1970లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. చిత్రా శ్రీవాస్తవ కేసు అంటారు. సంజాయిషీ అడగకుండా ఆ ఉత్తర్వు ఇవ్వడం తప్పని కోర్టు చెప్పింది. అడిగినా ఆ అమ్మాయి చెప్పడానికి ఏమీ లేదన్న బోర్డు వాదనని ఒప్పుకోలేదు. ఈ తీర్పు మీకు కొంతవరకు పనికొస్తుంది. పూర్తిగా ఎందుకు కాదంటే, మెయిల్ వచ్చిందని మీరే రాశారు. కాలేజీ ఇచ్చిన మెయిల్‌ని మూడు వారాలు తెరవకపోవడం ఏమిటి? ఇన్‌స్టాగ్రామ్ రోజూ చూస్తూ ఉంటారు కదా! నోటీసు పంపేది ఆ అడ్రసుకే అని మొదటి ఏడాదే మీతో సంతకం పెట్టించుకుని ఉంటారు. కాబట్టి "నాకు తెలియదు" అనే వాదన ఎక్కడా రాయకండి. మొదటి వాయిదాలోనే పడిపోతుంది, మీ మిగతా మాటల మీద నమ్మకం కూడా పోతుంది. చూడకపోవడం నా పొరపాటు, కానీ జబ్బు నిజం, ఆధారం ఉంది, పరీక్షలకి ఇంకా టైముంది అని రాయండి.

ఇక ఆ 1,500 రూపాయల సర్టిఫికెట్. దాన్ని ముట్టుకోకండి. రిజిస్టర్డ్ డాక్టర్ ఇచ్చే ప్రతి మెడికల్ సర్టిఫికెట్‌నీ ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి చెబుతోంది. కాలేజీ నుంచి ఒక గుమాస్తా ఫోన్ చేసి రిజిస్టర్‌లో ఆ ఎంట్రీ అడిగితే చాలు, బండారం బయటపడుతుంది. తర్వాత జరిగేది హాజరు గొడవ కాదు. భారతీయ న్యాయ సంహిత 336 సెక్షన్ కింద ఫోర్జరీ, 340 కింద ఫోర్జరీ పత్రాన్ని అసలుదిగా వాడటం. మోసం కోసం ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అదే కాగితాన్ని అఫిడవిట్‌తో హైకోర్టులో వేస్తే కోర్టుకి అబద్ధం చెప్పిన నేరం కూడా తోడవుతుంది. పైగా తప్పుడు పత్రంతో వచ్చినవారి రిట్‌ని (అధికారుల తప్పు సరిచేయమని వేసే పిటిషన్) హైకోర్టు అసలు విషయంలోకి కూడా వెళ్లకుండా కొట్టేస్తుంది. ఒక సెమిస్టర్ పోతే మళ్లీ చదువుకోవచ్చు. క్రిమినల్ కేసు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనూ, ఉద్యోగంలోనూ మీ వెంటే వస్తుంది.

అసలు మీకు దాని అవసరం ఏముంది? మీరు పోగొట్టుకున్నవి 133 పీరియడ్లు. రోజుకి ఆరు చొప్పున డెంగీ వల్ల పోయినవి 66. ఫెస్ట్ రెండు రోజులవి 12. మిగిలిన 55 మీరు ఎగ్గొట్టినవి. ఆ 55ని కప్పిపుచ్చుకోవాలన్న భయంతోనే మీకు ఆ సర్టిఫికెట్ మీద ఆశ పుట్టింది. కానీ తక్కువైనవి 28 మాత్రమే. నిజమైన జబ్బు 66 పీరియడ్లని చూపిస్తోంది. దొంగ కాగితం ఒకటి ఫైల్లో చేరిందంటే నిజమైన డెంగీని కూడా ఎవరూ నమ్మరు.

కాబట్టి అసలు కాగితం సంపాదించండి. డిశ్చార్జ్ సమ్మరీని "ఎక్కడో ఉంది" అని రాసే వస్తువుగా చూడకూడదు, ల్యాబ్ రిపోర్టు ఒక్క ఫోన్‌లో పెట్టుకుని ఫోన్ మార్చేయకూడదు. అయినా ఇది చేతులు దాటిన పని కాదు. ఇన్‌పేషెంట్ రికార్డుల్ని మూడేళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నియమావళిలో ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ, డెంగీ టెస్టు రిపోర్టు, ప్లేట్‌లెట్ కౌంట్లు, బిల్లులు అన్నీ హాస్పిటల్ సీలుతో తీసుకోండి. ఆ రోజుల్లో హాస్టల్ గేటు రిజిస్టర్‌లో మీరు బయటికి వెళ్లిన ఎంట్రీ ఉంటుంది. మీకు కోపం తెప్పించిన ఆ రిజిస్టరే మీ సాక్ష్యం. వార్డెన్‌కి మీ అమ్మగారు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి, ఆ ఫోన్ అమ్మకండి. ఎలక్ట్రానిక్ రికార్డుకి భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాల్సి వస్తే ఆ ఫోన్ చేతిలో ఉండాలి. ఫెస్ట్‌కి సంబంధించి వాలంటీర్ లిస్టు, ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ మెయిల్ వెతకండి. ఆ 12 కలిస్తే మీ హాజరు 299, అంటే 71 శాతం దాటుతుంది. అక్కడ తప్పు మీది కాదు, లెక్క వేసినవారిది. అందుకని ముందు దాన్ని సరిచేయమనండి.

హెచ్‌ఓడీ గారు అడిగిన లెటర్ మీద సంతకం వద్దు. నా నిర్లక్ష్యం వల్లే డిటైన్ అయ్యానని మీరే రాసిచ్చాక ఏ కోర్టు అయినా అడిగే మొదటి ప్రశ్న, మరి ఇప్పుడు ఎందుకొచ్చారు అని. పరీక్షలు అయ్యేదాకా ఆగి, అప్పటికీ దారి లేకపోతే ఆలోచించుకోవచ్చు.

ఇవాళే చేయాల్సింది: రిజిస్ట్రార్‌కి, ఎగ్జామినేషన్స్ కంట్రోలర్‌కి ఒకే రిప్రజెంటేషన్ (విన్నపం). ఒక పేజీ చాలు. సబ్జెక్టువారీ హాజరు వివరం ఇవ్వండి, ఫెస్ట్ రోజులు కలపండి, ఆలస్యాన్ని మన్నించి కండొనేషన్ పరిశీలించండి, ఈలోగా హాల్ టికెట్ ఇవ్వండి. హాస్టల్ కూర గురించి, ఫోన్ల గురించి అందులో ఒక్క ముక్క ఉండకూడదు. కాలేజీ మెయిల్ నుంచి పంపండి, ఒక కాపీ ఇన్‌వార్డ్‌లో (కాగితాలు తీసుకునే సెక్షన్) ఇచ్చి అందినట్టు సీలు, తేదీ వేయించుకోండి. సీలు వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి. హాస్పిటల్ కాగితాలు అందకపోయినా ఇది ఆపకండి, వచ్చాక జత చేయొచ్చు.

దాంతోపాటే స్టూడెంట్ గ్రీవెన్స్ రెడ్రెసల్ కమిటీకి ఫిర్యాదు పెట్టండి. యూజీసీ 2023 రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి యూనివర్సిటీలో ఈ కమిటీ ఉండాలి, అది 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) అప్పీల్ చేసుకోవచ్చు. అయితే 15 పని దినాలంటే సెలవులు కలిపి దాదాపు మూడు వారాలు, మీ పరీక్షలు 18 రోజుల్లో. కమిటీ మీద నమ్మకం పెట్టుకుని కూర్చుంటే పరీక్షలు అయిపోతాయి.

రిప్రజెంటేషన్ ఇచ్చిన ఐదారు రోజుల్లో జవాబు రాకపోతే, లేక కాదంటే, అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ వేయాలి. రిట్‌కి చట్టంలో కాలపరిమితి లేదు, నిజమే. కానీ పరీక్షలు ముగిశాక వెళ్తే కోర్టు ఇవ్వడానికి ఏమీ మిగలదు. మీ కాలపరిమితి పరీక్షల టైంటేబుల్‌లోనే ఉంది. ప్రైవేటు యూనివర్సిటీ మీద రిట్ పడదని వాళ్ల లాయరు అంటారు. విద్య అందించడం ప్రజా విధి కాబట్టి ప్రైవేటు సంస్థ మీదైనా రిట్ వేయొచ్చని 1989లో ఆండీ ముక్తా కేసులో, డీమ్డ్ యూనివర్సిటీ విషయంలో 2015లో జానెట్ జయపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యంతర ఉత్తర్వుతో పరీక్ష రాయనిచ్చారనుకోండి, గెలిచినట్టు కాదు. ఫలితం తుది తీర్పుకి లోబడే ఉంటుంది.

ఖర్చుకి భయపడకండి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి నేరుగా వెళ్లండి.

నాన్నగారికి చెప్పండి, కన్స్యూమర్ కేసు వద్దు. విద్యా సంస్థలు ఆ చట్టం కిందికి రావని 2020లో జాతీయ కమిషన్ పెద్ద ధర్మాసనం చెప్పింది. పైగా అక్కడ 18 రోజుల్లో హాల్ టికెట్ రాదు. హాజరు తక్కువైందని పరీక్ష ఆపకూడదంటూ మీ క్లాస్‌మేట్ మీకు పంపిన 2025 ఢిల్లీ హైకోర్టు తీర్పు లా కాలేజీల విద్యార్థులది, మీకు దాని మీద ఆధారపడే వీల్లేదు.

హాస్టల్ రూల్స్ సంగతి. అన్నీ కలిపి చెల్లవని ఏ కోర్టూ అనదు. 2019లో కేరళ హైకోర్టుకి వెళ్లిన ఫహీమా షిరిన్ సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్న ఒక్క రూల్‌ని, దాన్ని ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి పంపేసిన ఒక్క ఉత్తర్వునీ సవాలు చేసింది, వెంటనే వెళ్లింది, గెలిచింది. మీ ఫోన్ల రూల్‌కి రాతపూర్వక ఉత్తర్వు ఉంటే దాని కాపీ దాచుకోండి. పరీక్షలయ్యాక అది వేరే ఫిర్యాదు, వేరే కాగితం. ఇప్పుడు రెండూ కలిపారంటే, క్రమశిక్షణ నచ్చని అమ్మాయి హాజరు ఎగ్గొట్టిందని వాళ్లకి వాదన మీరే అందించినట్టవుతుంది.

రేపు పొద్దున్నే నాన్నగారిని ఆధార్ కార్డుతో, మీ సంతకం ఉన్న ఆథరైజేషన్ లెటర్‌తో హాస్పిటల్ మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌కి పంపండి. మీరు మాత్రం ఇవాళ్టి నుంచి మిగిలిన ఒక్క క్లాసు కూడా మానకండి.