అమలాపురంలో ఉండి సొంత ఖర్చుతో నవల వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. అచ్చు వేయించడం తేలికే, అమ్మడమే గోదావరికి ఎదురీత. ప్రతి పుస్తకాన్నీ గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం డబ్బు అడిగేవారిని నమ్మకండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. ప్రచురణకర్త మీరే కాబట్టి, 1954 నాటి చట్టం ప్రకారం 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. ఈ సంగతి చాలామంది రచయితలకు తెలియదు.

పేజీలను 16 చొప్పున ఫారాలుగా లెక్కిస్తారు. 160 పేజీల్లో ముగియాల్సిన నవల నుంచి ఒక్క వాక్యం 161వ పేజీకి జారిందా, ఇంకో ఫారం పడుతుంది, అందులోని ఖాళీ కాగితాలకూ మీరే డబ్బు కట్టాలి. నేను కట్టాను.

తొలిసారి 500 ప్రతులు వేయించాను. కోనసీమ వానాకాలం సంగతి తెలిసిందే కదా, అటక మీది కట్టలకు చెమ్మ తగిలి అట్టలు అప్పడాల్లా వంకర తిరిగాయి. ఇప్పుడు 100కు మించి వేయను. డిజిటల్ ప్రింటింగులో ప్రతికి ఖర్చు ఎక్కువే, కానీ నిద్ర పడుతోంది.

బంధువులు ఉచిత ప్రతి అడుగుతారు, చదవరు. ఒకసారి రావులపాలెం బస్సులో పక్కసీటులో ఒకావిడ నా నవల తెరిచి కూర్చున్నారు. రాసింది నేనేనని చెప్పలేదు. పేజీ తిప్పుతారో లేదోనని దిగేదాకా చూస్తూనే ఉన్నాను.