ఆఫీసుకి పాస్‌వర్డ్ మేనేజర్: ఏ ప్లాన్ కొనాలి?

ప్రశ్న: మాది గుంటూరులో ఆడిటర్ ఆఫీసండి. సార్‌తో కలిపి 9 మందిమి, అందులో నలుగురు ఆర్టికల్స్ (సీఏ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు). క్లయింట్ల జీఎస్‌టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ లాగిన్లన్నీ ఒకే ఎక్సెల్ షీట్లో ఉన్నాయి, అది వాట్సాప్‌లో కూడా తిరుగుతుంటుంది. బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కి మారదామనుకుంటున్నాం. ఫ్యామిలీ ప్లాన్లు రెండు తీసుకుంటే చవకలో అయిపోతుందని ఒకరు, కొంటే ఎంటర్‌ప్రైజే కొనమని ఇంకొకరు అంటున్నారు. ఏది తీసుకోవాలి?

జవాబు: మీకు ఆ రెండూ కాకుండా బిట్‌వార్డెన్‌లోనే ఉన్న టీమ్స్ ప్లాన్ సరిపోతుందండి. ఫ్యామిలీ ప్లాన్ జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు. ఒక్కో దాంట్లో ఆరుగురికే చోటు కాబట్టి మీ ఆఫీసు రెండు ముక్కలైపోతుంది, పైగా గ్రూపులుండవు, ఎవరు ఏ పాస్‌వర్డ్ ఎప్పుడు తెరిచారో చెప్పే లాగ్ కూడా ఉండదు, మీకు అన్నిటికన్నా ముఖ్యంగా కావాల్సినవే అవి.

ఎందుకంటే మీ దగ్గర మనుషులు మారుతూనే ఉంటారు కదా. 2023 జులై నుంచి కొత్తగా చేరేవాళ్ళకి ఆర్టికల్‌షిప్ రెండేళ్ళే అయింది, అంటే ఎవరో ఒకరు వెళ్తూ ఇంకొకరు వస్తూ ఉంటారు. అందుకే ప్లాన్ చూసేటప్పుడు ఫీచర్ల లిస్టు పక్కనపెట్టి, మనిషి మానేసిన రోజు మనం ఏం చెయ్యగలం అన్నది చూడండి. టీమ్స్‌లో జీఎస్‌టీ చూసేవాళ్ళకో గ్రూపు, పీఎఫ్ చూసేవాళ్ళకో గ్రూపు పెట్టి ఎవరి పనికి కావాల్సినవి వాళ్ళకే కనపడేలా చేస్కోవచ్చు, మానేసినవాళ్ళని ఒక్క క్లిక్‌తో తీసెయ్యొచ్చు. అయితే తీసేసినంత మాత్రాన అయిపోలేదండీ, ఇది చాలామంది పట్టించుకోరు. వాళ్ళు అప్పటికే చూసిన పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసుకుని ఉండొచ్చు, తాళంచెవి వెనక్కి తీసుకున్నా డూప్లికేట్ చేయించుకుని ఉంటే ఏం లాభం? పాస్‌వర్డ్ కనపడకుండా దాచే ఆప్షన్ ఉంది గానీ, ఆటోఫిల్ అయిన (లాగిన్ పేజీలో తనంతట తనే నిండిన) పాస్‌వర్డ్‌ని కాస్త తెలిసినవాళ్ళు బయటికి తీసేస్తారు. కాబట్టి లాగ్ చూసి, ఆ మనిషి తెరిచిన లాగిన్లు ఆ వారంలోనే మార్చెయ్యండి. ఆ లాగ్ కోసమైనా టీమ్స్ తీసుకోవాల్సిందే.

ఇక ఎంటర్‌ప్రైజ్. అందులో అదనంగా వచ్చేవి ఎస్‌ఎస్‌ఓ (ఆఫీసు లాగిన్ ఒక్కదానితోనే అన్నీ తెరుచుకోవడం), అందరిమీదా రూల్స్ పెట్టే పాలసీలు, మాస్టర్ పాస్‌వర్డ్ (బిట్‌వార్డెన్‌ని తెరిచే పాస్‌వర్డ్) మర్చిపోతే అడ్మిన్ రీసెట్ చేసే సదుపాయం. ఎస్‌ఎస్‌ఓ 9 మందికి అనవసరం. రీసెట్ సంగతికొస్తే, క్లయింట్ల లాగిన్లన్నీ ఆఫీసు వాల్ట్‌లో (పాస్‌వర్డ్‌లు దాచే ఖజానాలో) ఉంటే ఒకరు మర్చిపోయినా మిగతావాళ్ళకి అవి ఉంటాయి, మర్చిపోయినవాళ్ళ సొంత వాల్టే పోతుంది, వాళ్ళని తీసేసి కొత్త అకౌంట్‌తో మళ్ళీ చేర్చుకుంటే సరి. కానీ ఓనర్‌గా సార్ ఒక్కరే ఉండకూడదు, నమ్మకమైన ఇంకొకర్ని కూడా తప్పకుండా పెట్టండి. నాకు తెలిసిన రేట్లు టీమ్స్ మనిషికి నెలకి 4 డాలర్లు, ఎంటర్‌ప్రైజ్ 6, ఏడాదికి ఒకేసారి కడితే. మీ 9 మందికి ఏడాదికి 432 డాలర్లకీ 648 డాలర్లకీ ఉన్న తేడా అది. కట్టేముందు సైట్లో ఒకసారి చూస్కోండి, రేట్లు మారుతుంటాయి.

టీమ్స్‌లో పాలసీలు లేవు కాబట్టి టూ స్టెప్ లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడం) మీరే పక్కన కూర్చుని అందరిచేతా పెట్టించాలి, ఎవరు పెట్టుకోలేదో మెంబర్ల లిస్టులో కనపడుతుంది. మాస్టర్ పాస్‌వర్డ్ మాత్రం పొడుగ్గా ఉండాలి. 2022లో లాస్ట్‌పాస్ అనే ఇంకో పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి కస్టమర్ల వాల్ట్ బ్యాకప్‌లు ఎత్తుకెళ్ళారు, పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నా, దొంగ తన దగ్గరే ఫైల్ పెట్టుకుని తీరిగ్గా ఊహిస్తూ కూర్చోవచ్చు, అలాంటప్పుడు చిన్న మాస్టర్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళే ముందు దొరికిపోతారు. ఒకదానికొకటి సంబంధం లేని తెలుగు మాటలు ఐదు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం.

ఎక్సెల్‌ని సీఎస్‌వీగా (మామూలు టెక్స్ట్ ఫైలుగా) మార్చి బిట్‌వార్డెన్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఎక్కించాక ఆ సీఎస్‌వీ, పాత షీట్, వాట్సాప్ కాపీలు, రీసైకిల్ బిన్‌తో సహా అన్నీ డిలీట్ చెయ్యండి, ఆ షీట్ ఇప్పటికే ఎక్కడెక్కడికి పోయిందో తెలీదు కాబట్టి తర్వాత వరసపెట్టి పాస్‌వర్డ్‌లు కూడా మార్చేస్కోండి. క్లయింట్ ఫోన్‌కి వచ్చే ఓటీపీ మాత్రం ఏ ప్లాన్‌లోనూ రాదు, దానికి ఫోన్ చేసి అడగాల్సిందే.

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ ఇద్దరమే షాపు నడుపుతున్నాం. మాక్కూడా డబ్బులు కట్టాలా?

జవాబు: అక్కర్లేదండి. బిట్‌వార్డెన్‌లో ఇద్దరికి ఫ్రీ ఆర్గనైజేషన్ (ఇద్దరూ కలిసి వాడుకునే ఖాతా) ఉంది, షేర్ చేస్కోడానికి రెండు కలెక్షన్లు (ఫోల్డర్లలాంటివి) వస్తాయి. ఒకే కంప్యూటర్ వాడేటట్టయితే కీపాస్ అనే ఇంకో పాస్‌వర్డ్ మేనేజర్ కూడా బాగుంటుంది, పూర్తిగా ఉచితం, అంతా మీ దగ్గరున్న ఒక్క ఫైల్లోనే ఉంటుంది. ఆ ఫైల్‌కి ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇంట్లో ఉంచండి.