టెక్ సందేహాలు: పాత అంబాసిడర్‌కు కొత్త ఫ్యూజ్ బాక్సు కావాలా?

హనుమకొండ పాఠకుడు: మా నాన్నగారి 1978 అంబాసిడర్ ఇంకా నడుస్తోంది. రాత్రి ములుగు రోడ్డు ఎక్కితే హెడ్‌లైట్లు దీపం బుడ్డిలా వెలుగుతున్నాయి. కాసేపటికి స్విచ్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన వస్తోంది. ఫ్యూజ్ మాత్రం పోవట్లేదు. మెకానిక్ వైరింగ్ మొత్తం పీకి కొత్త ఫ్యూజ్ బాక్సు వేద్దామంటున్నాడు. అవసరమా సార్?

వాసన వస్తోందంటే ముందు రాత్రిపూట బండి తీయడం ఆపండి. ఫ్యూజ్ పోవట్లేదని ధీమాగా ఉండొద్దు. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. ఆ తరం లూకాస్ (బ్రిటన్ ఎలక్ట్రికల్ కంపెనీ) వైరింగ్‌లో సాధారణంగా హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండదు. కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్, డిప్పర్ (హైబీమ్, లోబీమ్ మార్చే స్విచ్) దాటుకునే బల్బుకు చేరాలి. ఇన్నేళ్లకు ఆ కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. వేడి పుట్టేదీ, వోల్టేజ్ పోయేదీ అక్కడే. వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది.

ఖర్చు పెట్టే ముందు మల్టీమీటర్ తీయండి. హైబీమ్ వేసి ఉంచి, ఒక మొన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది బల్బు హోల్డర్ వెనక హైబీమ్ పిన్‌కు ఆనించండి. అర వోల్టు లోపు చూపిస్తే ఫర్వాలేదు. ఒకటిన్నర, రెండు అంటే దారిలోనే పోతోందన్నమాట. బ్యాటరీ మైనస్‌కూ, బల్బు ఎర్త్‌కూ (బాడీకి కలిపే వైరు) మధ్య కూడా చూడండి. ఒక్కోసారి ఎర్త్ బోల్టు కింద తుప్పు గీకి బిగిస్తే చాలు, రిపేరు అయిపోతుంది!

అది కాకపోతే రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) పెట్టించండి, లోబీమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి. రిలే మీద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా వైరు, 87 నుంచి బల్బులకు, 86కు పాత హెడ్‌లైట్ వైరు, 85 ఎర్త్. ఇక స్విచ్ మోయాల్సింది పావు ఆంపు లోపే. రెండు 60 వాట్ల బల్బులంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంప్స్. దానికి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 15 ఆంప్స్ నీలం బ్లేడ్ ఫ్యూజ్ సరిపోతాయి. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది వైరును, బల్బును కాదు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్కలు మాత్రం వాడనివ్వొద్దు. అదురుకు, ఇంజన్ వేడికి తట్టుకునే ఆటో వైరే కావాలి. 100 వాట్ల బల్బుల మోజూ వద్దు, పాత డైనమో అంత ఇవ్వలేదు.

ఇక మొత్తం మార్చాలా అంటే, బానెట్ కింద వైరును వేళ్లతో వంచి చూడండి. తొడుగు పెళుసుబారి చిట్లితే మీ మెకానిక్ మాటే కరెక్టు. లేదంటే నేనైతే పాత వైరింగ్ ఉంచి, రిలేలతోనే సరిపెడతాను. పాత ఫ్యూజ్ బాక్సే ఉంచితే ఒక చిక్కుంది. లూకాస్ గాజు ఫ్యూజ్ మీద 35 అని ఉంటే అది కాలిపోయే లెక్క, ఆగకుండా మోసేది అందులో సగమే. ఇప్పుడు షాపుల్లో దొరికే అమెరికా రకం 35 ఫ్యూజ్ మాత్రం 35 ఆంప్స్‌నూ మోస్తుంది. అది వేస్తే ఫ్యూజ్ కంటే ముందు వైరు కాలుతుంది.

కాజీపేట పాఠకురాలు: ఇలాంటి పాత కారులోనే ఫోన్ ఛార్జర్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. దానికి విడిగా 5 ఆంప్స్ ఫ్యూజ్ ఇవ్వండి. కొన్ని బాగా పాత బ్రిటిష్ రకం బండ్లలో బాడీకి ప్లస్ కలిపి ఉంటుంది. బ్యాటరీ చూడకుండా కనెక్షన్ ఇస్తే ఛార్జర్ కాలిపోతుంది.

జమ్మికుంట పాఠకుడు: జీపీఎస్ ట్రాకర్ పెట్టించాక, నెలకోసారి తీసే మా కారు స్టార్ట్ కావట్లేదు.

ట్రాకర్ 50 మిల్లీ ఆంప్స్ లాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. నెలకు 36. చిన్న బ్యాటరీ దాదాపు ఖాళీ అయినట్టే. బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ పెట్టించండి, లేదా వారానికోసారి బండి తీసి అరగంటైనా నడపండి.