లాయర్లకు కేస్ షీట్ చదివిపెట్టే పని: నర్సుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ చేసి బెంగళూరు వచ్చి పదేళ్ళు దాటింది, ఎక్కువ కాలం ఐసీయూలోనే చేశాను. ఇద్దరు పిల్లలతో నైట్ డ్యూటీలు ఇక నా వల్ల కావడం లేదు, నడుం నొప్పి ఒకటి. అమెరికాలో ఉన్న నా క్లాస్‌మేట్ లీగల్ నర్స్ కన్సల్టెంట్‌గా, అంటే లాయర్లకి హాస్పిటల్ కాగితాలు చదివి అర్థం చెప్పే నర్సుగా, ఇంటి నుంచే పనిచేస్తోందట. ఇక్కడ అలాంటి పని దొరుకుతుందా? ఒక కోర్సు వాళ్ళు రోజూ ఫోన్ చేసి, చేరితే క్లయింట్లను కూడా మేమే ఇప్పిస్తాం అంటున్నారు. ఫీజు నా రెండు నెలల జీతం. చేరమంటారా?
- ఒక స్టాఫ్ నర్స్, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: ఇప్పుడే చేరకండి. కోర్సులన్నీ దండగ అని కాదు, "క్లయింట్లను ఇప్పిస్తాం" అన్న మాట దగ్గరే నాకు నమ్మకం పోయింది. తన కేసు కాగితాలు ఎవరి చేతిలో పెట్టాలో లాయరు తనే తేల్చుకుంటారు. కోర్సు అమ్మేవాళ్ళు చెప్పారని ఎవరూ పెట్టరు.

మీ క్లాస్‌మేట్ ఉన్న చోట సంగతి వేరు. అక్కడ అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ లీగల్ నర్స్ కన్సల్టెంట్స్ అని 1989 నుంచి ఒక సంఘమే ఉంది. ఎల్ఎన్‌సీసీ అనే సర్టిఫికేషన్ కూడా ఉంది, ఆ పరీక్ష రాయాలంటే అక్కడి ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్, నర్సుగా ఐదేళ్ళ అనుభవం, ఆపైన ఇదే పనిలో 2000 గంటలు చేసి ఉండాలి. అంటే అక్కడ కూడా ముందు పని, తర్వాతే సర్టిఫికెట్. మన నర్సింగ్ కౌన్సిళ్ళలో ఈ పేరుతో విడిగా రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. బెంగళూరులో లాయరు ఆఫీసుకి వెళ్ళి "నేను లీగల్ నర్స్ కన్సల్టెంట్‌ని" అంటే, అదేంటమ్మా అని అడుగుతారు. అదే "మీ దగ్గరున్న హాస్పిటల్ కేసు కాగితాలన్నీ చదివి, ఏ పూట ఏం జరిగిందో తేదీ, టైముతో సహా రాసిస్తాను" అంటే కూర్చోమంటారు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఊహించిన కేసుతో చెప్తాను. కడుపు ఆపరేషన్ అయిన అరవై కిలోల మనిషి మూడో రోజు తెల్లవారి చనిపోయాడనుకోండి. డెత్ సమ్మరీలో హఠాత్తుగా గుండె ఆగింది అని ఉంటుంది. లాయరు ఆ ఒక్క పేజీ చదివి, గుండె ఆగిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారని ఫైలు పక్కన పెట్టేస్తారు. మీరు ముందు టెంపరేచర్, పల్స్, శ్వాస రాసే టీపీఆర్ చార్ట్ తీస్తారు. రాత్రి పదింటికి పల్స్ 104, రెండింటికి 128, బీపీ 90/60. ఇన్‌టేక్-ఔట్‌పుట్ చార్ట్ చూస్తే పన్నెండు నుంచి రెండు దాకా యూరిన్ మొత్తం 25 ఎం.ఎల్. ఆ బరువుకి గంటకి 30 అయినా రావాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. నర్సెస్ నోట్స్‌లో రెండింటి ఎంట్రీలో "డాక్టర్ ఇన్‌ఫార్మ్‌డ్" అని ఉంది, ఏ డాక్టరు, ఎన్నింటికి అన్నది లేదు. తర్వాతి ఎంట్రీ ఆరున్నరకి. మధ్యలో నాలుగున్నర గంటలు ఒక్క అక్షరం లేదు. అంటే హఠాత్తుగా అన్న మాట ముందు కనిపించిన సూచనలతో కుదరడం లేదు. డ్రగ్ చార్ట్‌లో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పదకొండింటికి ఇచ్చినట్టు సంతకం ఉంది, ఫార్మసీ బిల్లులో ఆ వయల్ కొన్న టైము ఒంటిగంట నలభై. ఇవన్నీ లాయరు కళ్ళ ముందే ఉంటాయి, కానీ వాటి అర్థం తెలిసేది రోజూ డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ తీసుకునే సిస్టరుకే. లాయరు మీకు డబ్బిచ్చేది ఈ చూపు కోసమే.

అయితే ఇంజెక్షన్ టైములు రెండూ కలవలేదని "హాస్పిటల్ వాళ్ళు అబద్ధం రాశారు" అని మీరు తేల్చేయకూడదు. ఆ ఇంజెక్షన్ వార్డు స్టాక్‌లోంచి ఇచ్చి, తర్వాత తెప్పించి పెట్టి ఉండొచ్చు, అలా జరగడం మీరూ చూసే ఉంటారు. రెండు టైములూ పక్కపక్కన రాసి, వార్డు స్టాక్ రిజిస్టర్ కూడా తెప్పించమని లాయరుకి చెప్పాలి, అంతే. అలాగే డాక్టరు నిర్లక్ష్యం చేశాడా లేదా అన్న అభిప్రాయం ఆ స్పెషాలిటీ డాక్టరే ఇవ్వాలి, మీరు ఇస్తే ఎదుటి లాయరు మొదటి నిమిషంలోనే కొట్టిపారేస్తాడు. ఏ డాక్టరుని అడగాలి, ఏ ప్రశ్నలు అడగాలి, ఏ పేజీలు చూపించాలి అన్నది సిద్ధం చేయడం మీ వంతు. నర్సింగ్ కేర్ గురించి మాత్రం, బెడ్‌సోర్ (కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండు) ఎందుకొచ్చింది, పేషెంట్ మంచం మీంచి ఎలా పడ్డాడు లాంటివి, మీరు ధైర్యంగా మాట్లాడొచ్చు.

ఇక ట్రైనింగ్. మెడికల్ సగం మీకు వచ్చు, లా సగం నేర్చుకోవాలి. బెంగళూరులోనే, నాగరబావిలో ఉన్న నేషనల్ లా స్కూల్‌లో మెడికల్ లా అండ్ ఎథిక్స్ పీజీ డిప్లొమా దూరవిద్యలో ఉంది, డబ్బు పెట్టదలిస్తే ముందు దాని వివరాలు కనుక్కోండి. దానికంటే ముందు పైసా ఖర్చు లేకుండా చేయాల్సింది సుప్రీంకోర్టు తీర్పులు చదవడం. వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని చెప్పిన 1995 నాటి వి.పి.శాంత కేసు, డాక్టరు మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ముందు మరో డాక్టరు అభిప్రాయం ఉండాలన్న 2005 నాటి జాకబ్ మాథ్యూ కేసు, పేషెంట్ అనుమతి గురించిన 2008 నాటి సమీరా కోహ్లీ కేసు. 2010 నాటి వి.కిషన్ రావు కేసు మాత్రం రెండుసార్లు చదవండి. అది మన హైదరాబాద్ కేసే, ఆయన మలేరియా డిపార్ట్‌మెంట్‌లోనే ఉద్యోగి. భార్యకి చలిజ్వరం వస్తే మలేరియాకి కాకుండా టైఫాయిడ్‌కి మందులిచ్చారని కన్స్యూమర్ ఫోరంకి వెళ్ళారు, ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. ఇంగ్లిష్ కష్టంగా ఉంటే రోజుకి నాలుగు పేజీలే చదవండి, కానీ తీర్పే చదవండి, దాని మీద ఎవరో చేసిన వీడియో కాదు. ఇంకో మాట, కన్నడం చదవడం నేర్చుకోండి. ఇక్కడ ఎఫ్ఐఆర్‌లు కన్నడంలోనే ఉంటాయి, తెలుగు లిపి వచ్చినవాళ్ళకి అది పెద్ద కష్టం కాదు.

క్లయింట్ల విషయానికి వస్తే, మీకున్న బలం మీరు గమనించినట్టు లేదు. మదనపల్లె, హిందూపురం, కదిరి, చిత్తూరు వైపు నుంచి పెద్ద జబ్బు చేస్తే ఎంతమంది బెంగళూరు హాస్పిటళ్ళకి వస్తారో మీకు తెలుసు. ఏదైనా తేడా జరిగితే ఆ కుటుంబం సంచీ నిండా కాగితాలతో ఊరికి పోయి అక్కడి లాయరునే కలుస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్ళు తాము నివసించే చోటే కేసు వేయొచ్చు, వైద్యం బెంగళూరులో జరిగినా సరే. గడువు రెండేళ్ళు. ఆ ఊళ్ళలోని లాయర్లకి ఈ కాగితాలు చదివిపెట్టే మనిషి దగ్గర్లో ఎవరున్నారు? కుటుంబంతో తెలుగులో మాట్లాడి, పేషెంట్ ఎప్పుడు ఏమన్నాడో రాబట్టగలిగి, బెంగళూరు హాస్పిటల్ కేస్ షీట్ ఎలా ఉంటుందో తెలిసిన మనిషి మీరు. నేనైతే మొదట మదనపల్లె కోర్టులో ప్రాక్టీస్ చేసే లాయర్లనే కలుస్తాను.

రెండోది యాక్సిడెంట్ కేసులు. నా ఉద్దేశంలో డాక్టర్ల మీద కేసుల కంటే ఇక్కడే మీకు పని ఎక్కువ దొరుకుతుంది, గొడవ తక్కువ. బెంగళూరు మాయో హాల్ కోర్టుల దగ్గర మోటార్ యాక్సిడెంట్ క్లెయిములు చేసే లాయర్లు బోలెడంతమంది. వాళ్ళకి ఆస్పత్రి బిల్లులు కూడటం వచ్చు. కానీ నడుం కింద చచ్చుబడిపోయిన పాతికేళ్ళ కుర్రాడికి ఇకమీదట నెలకి ఎన్ని కేథెటర్లు, ఎన్ని డైపర్లు, ఎంత ఫిజియోథెరపీ, పక్కన మనిషి ఎన్ని గంటలు కావాలో లెక్క కట్టడం రాదు. 2020లో కాజల్ కేసులో సుప్రీంకోర్టు, యాక్సిడెంట్ నాటికి పన్నెండేళ్ళున్న పిల్లకి ఇద్దరు అటెండెంట్లకి నెలకి 5000 చొప్పున లెక్కేసి, ఏడాది ఖర్చుని 18తో గుణించి (దాన్నే మల్టిప్లయర్ అంటారు) 21.60 లక్షలు ఒక్క ఆ పద్దు కిందే ఇచ్చింది. అలాంటి మనిషిని చూసుకోవడం అంటే ఏమిటో రోజుకి పన్నెండు గంటలు చేసి చూసినవాళ్ళు మీరు, ఆ లెక్క మీకంటే ఎవరు బాగా రాస్తారు? ఈ క్లెయిములకి యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపే అప్లికేషన్ పడాలని చట్టంలో ఉంది, కాబట్టి లాయర్లు తొందరపెడతారు, దానికి సిద్ధంగా ఉండండి.

లాయరుని కలవడానికి పొద్దున కోర్టు దగ్గరికి వెళ్ళకండి, వాయిదాల హడావిడిలో ఎవరూ వినరు. సాయంత్రం ఆఫీసుకి, చేతిలో రెండు పేజీల నమూనాతో వెళ్ళండి. పైన నేను చెప్పినలాంటి పూర్తిగా కల్పించిన పేషెంట్ మీద తేదీ, టైము, ఏం జరిగింది, ఏ పేజీలో ఉంది, ఏ కాగితం లేదు, అంతే. పెద్ద లాయరు దొరక్కపోతే జూనియర్లకి చూపించండి, రాత్రిళ్ళు కూర్చుని ఆ ఫైళ్ళతో కుస్తీ పట్టేది వాళ్ళే.

ఫీజు ముందే మాట్లాడుకోండి, పేజీల లెక్కన గానీ గంటల లెక్కన గానీ, సగం అడ్వాన్స్. "కేసు గెలిస్తే వచ్చిందాంట్లో ఇంత ఇస్తాను" అంటే వద్దనండి. లాయరు కానివాళ్ళతో ఫీజు పంచుకోకూడదని, గెలుపు మీద ఆధారపడిన ఫీజు మాట్లాడకూడదని బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది. పైగా వాటా ఉందంటే మీ రిపోర్టుకి విలువ పోతుంది. ఉద్యోగం మాత్రం అప్పుడే మానకండి, నైట్స్ లేని డ్యూటీ ఏదైనా, క్వాలిటీ డిపార్ట్‌మెంట్, ఇన్సూరెన్స్ డెస్క్ లాంటివి, దొరుకుతుందేమో అడగండి. అక్కడ కాగితాలు చదివే అలవాటు కూడా పెరుగుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను చెన్నై పోరూరులో ఉంటాను. అమెరికా లాయర్లకి మెడికల్ రికార్డులు సమ్మరీ చేసే కంపెనీలో ఆఫర్ వచ్చింది. జీతం ఇప్పటికంటే కొంచెమే ఎక్కువ. ఇది లీగల్ నర్స్ కన్సల్టెంట్ పనేనా?

జవాబు: పని అదే, హోదా అది కాదు. అమెరికా లాయరు ఆ కంపెనీకి క్లయింట్, మీకు కాదు. అయినా ఏడాది రెండేళ్ళు చేయండి అనే అంటాను, వేల పేజీల రికార్డుని క్రమంలో పెట్టి పది పేజీలకి కుదించడం అక్కడ నేర్చుకున్నంత బాగా ఏ కోర్సులోనూ రాదు. అమెరికాలో 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది, పేషెంట్ వివరాల గోప్యతకి సంబంధించింది, దాని మీద ట్రైనింగ్ కూడా కంపెనీయే ఇస్తుంది. చేరేముందు షిఫ్టు టైములు, రోజుకి ఎన్ని పేజీల టార్గెట్, బాండ్ ఏమైనా ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఆ దేశంలో సొంతంగా నర్సు హోదాలో సలహా ఇవ్వాలంటే మాత్రం ఎన్‌క్లెక్స్ అనే అక్కడి నర్సింగ్ పరీక్ష పాసై లైసెన్స్ తెచ్చుకోవాలి.

ప్రశ్న: మా హాస్పిటల్‌లోనే చనిపోయిన ఒక పేషెంట్ తరఫు లాయరు నాకు తెలిసినవాళ్ళ ద్వారా ఫోన్ చేసి, కేస్ షీట్ ఫోటోలు తీసి పంపితే డబ్బిస్తామన్నారు. ఆ కుటుంబానికి అన్యాయం జరిగిందని నాకూ అనిపిస్తోంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
- పేరు వద్దు, బెంగళూరు

జవాబు: ఫోటోలు తీయకండి. ఒక్కటి కూడా. మీ ఉద్యోగం, రిజిస్ట్రేషన్ రెండూ పోయే పని అది, ఆ కుటుంబానికి కూడా మేలు జరగదు, దొంగచాటుగా వచ్చిన కాగితమని ఎదుటివాళ్ళు అసలు కేసునే అనుమానంలో పడేస్తారు. మీరు పనిచేసే హాస్పిటల్ మీద కేసులో డబ్బు తీసుకుని సాయం చేయడం ఎలా చూసినా కుదరదు, లాయరుకి ఆ మాటే చెప్పేయండి.

వాళ్ళకి ఆ కాగితాలు రావడానికి సరైన దారి ఉంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు ఉంచాలి, పేషెంట్ తరఫువాళ్ళు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కుటుంబ సభ్యులు ఎవరైనా మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టి, దాని కాపీ మీద తేదీ, సీలు వేయించుకోవాలి. నర్సెస్ నోట్స్, డ్రగ్ చార్ట్, ఇన్‌టేక్-ఔట్‌పుట్ చార్ట్, కన్సెంట్ ఫారాలు అని ఒక్కోటీ పేరు పెట్టి అడగాలి, ఊరికే కేస్ షీట్ అంటే డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టి పంపేస్తారు. ఈ రూల్ మీరు చెప్పక్కర్లేదు, ఆ లాయరుకే తెలిసి ఉండాలి. ఆ రోజు డ్యూటీలో మీరే ఉండి, రేపు కోర్టు నుంచి సమన్లు వస్తే వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పండి. ఆ లోపు మీరు రాసిన నోట్స్‌లో దేన్నైనా మార్చమని ఎవరు అడిగినా మార్చకండి. అడిగినవాళ్ళ పేరు, తేదీ ఇంట్లో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.