అక్కాచెల్లెళ్లే తోడికోడళ్లయితే డీఎన్‌ఏ లెక్క వేరు

(ఈ పేజీలో ఉత్తరాలకు జవాబులిచ్చేది కాలేజీలో జన్యుశాస్త్రం చెప్పి రిటైరైన విశాఖ టీచర్.)

ప్రశ్న: మేడమ్, మాది గోపాలపట్నం. నేనూ మా అక్కా ఒకే ఇంటి కోడళ్లం. అక్క అన్నగారిని చేసుకుంది, నేను తమ్ముణ్ని చేసుకున్నాను. మా అమ్మాయి, అక్క కొడుకు ఇద్దరూ అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఏదో ఆఫర్ వచ్చిందని చెరో డీఎన్‌ఏ కిట్ కొనుక్కుని ఉమ్మి పంపారు. రిజల్టులో ఇద్దరికీ 24 శాతం కలిసిందని, పక్కన ‘హాఫ్ సిబ్లింగ్’ అని వచ్చింది. అంటే తల్లో తండ్రో ఒకరేనట. పిల్లలు నవ్వుకుంటూ ఆ స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. అప్పటి నుంచి మా ఆయన ముభావంగా ఉంటున్నారు. బావగారు మా గుమ్మం తొక్కడం మానేశారు. అక్క ఫోన్ ఎత్తట్లేదు. నేనే తప్పూ చేయలేదు మేడమ్. మెషీన్ అబద్ధం చెబుతుందా? ఇక్కడ ల్యాబ్‌లో మళ్లీ టెస్ట్ చేయిద్దామంటున్నారు మా ఆయన. ఒప్పుకోమంటారా?

జవాబు: అమ్మా, మెషీనూ అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు. 24 అన్న అంకె సరైనదే. దాని పక్కన రాసిన చుట్టరికం తప్పు. మీ ఆయన్ని కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చోమనండి.

అన్నదమ్ముల పిల్లలకు సగటున 12.5 శాతం డీఎన్‌ఏ కలుస్తుంది. అక్కాచెల్లెళ్ల పిల్లలకూ అంతే. మీ ఇద్దరి పిల్లలు అటు నుంచి చూస్తే అన్నదమ్ముల పిల్లలు, ఇటు నుంచి చూస్తే అక్కాచెల్లెళ్ల పిల్లలు. రెండూ కలిపితే 25. ఇక తండ్రి ఒకడే అయి, తల్లులు ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు ఆడవాళ్లయితే, ఆ పిల్లలకూ 25 శాతమే కలుస్తుంది. కంపెనీ కంప్యూటర్‌కు అంకె తప్ప మీ పెళ్లి ఆల్బమ్ కనిపించదు. ఒకింటి అన్నదమ్ములకు ఇంకో ఇంటి అక్కాచెల్లెళ్లను ఇవ్వడం ఆ దేశంలో అరుదు కాబట్టి, వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే పేరు తగిలించి ఊరుకుంది. మన జిల్లాల్లో అలాంటి సంబంధాలు ఊరికి నాలుగు కనబడతాయి. మేనరికాలు సరేసరి, అవి ఉన్న కుటుంబాల్లో ఈ శాతాలు ఇంకాస్త పెరుగుతాయి కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఆయన మనసులో మెదులుతున్న అనుమానమే నిజమైతే ఆ అంకె ఎంత రావాలి? తండ్రి ఒకడే కాబట్టి 25. తల్లులు సొంత అక్కాచెల్లెళ్లు కాబట్టి దాని మీద మరో 12.5. మొత్తం 37.5 శాతం. మీకు వచ్చింది 24. ఇవి సగటు లెక్కలే, ఒక పిల్లకు కొన్ని శాతాలు ఎక్కువ, ఇంకో పిల్లాడికి కొన్ని శాతాలు తక్కువ రావచ్చు. 24 ఎక్కడ, 37 ఎక్కడ! ఏ స్క్రీన్‌షాట్ చూసి మీ ఇంట్లో ఇంత గొడవైందో, మీ తరఫున సాక్ష్యం చెప్పేదీ అదే.

అందుకని మళ్లీ టెస్టు అక్కర్లేదు. అయినా ఆయనకు మనసు ఆగకపోతే ఇవ్వాల్సింది ఆయన శాంపిలూ, మీ అమ్మాయి శాంపిలూ. మీది కాదు. ఆ అమ్మాయి మేజర్, తను ఊ అంటే తప్ప మీరిద్దరూ కూర్చుని తీర్మానించేది కాదు. చట్టం కూడా ఇలాంటి అనుమానాలకు అంత తేలిగ్గా తలుపు తీయదు. కాపురంలో ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని పాత సాక్ష్యాధార చట్టం 112వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అదే మాట 116వ సెక్షన్‌గా ఉంది. భర్త అడిగాడు కదా అని డీఎన్‌ఏ పరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

స్క్రీన్‌షాట్ పెట్టిన పిల్లలనే ఈ లెక్క కూడా అదే గ్రూపులో పెట్టమనండి. మీ అక్క ఫోన్ ఎత్తకపోతే ఇంటికే వెళ్లండి. ఆవిడ మీకన్నా ఎక్కువ నలిగిపోతూ ఉంటుంది.

ప్రశ్న: మా గోత్రం ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. వై క్రోమోజోమ్ టెస్టుతో తెలుస్తుందా? (అక్కయ్యపాలెం)

జవాబు: తెలియదు. రెండూ తండ్రి నుంచి కొడుక్కు వస్తాయి, పోలిక అంతవరకే. టెస్టు చెప్పేది హాప్లోగ్రూప్, అంటే తండ్రుల వరుసలో వేల ఏళ్ల నాటి ఒక పెద్ద శాఖ. ఒకే శాఖ ఎన్నో కులాల్లో కనిపిస్తుంది, ఒకే గోత్రంలో నాలుగు శాఖలవాళ్లు ఉంటారు. దత్తత వెళ్లిన పిల్లాడికి గోత్రం మారుతుంది, క్రోమోజోమ్ మారదు. మీ నాన్నగారి తరఫు పెద్దల పెళ్లిళ్లు చేయించిన పురోహితుల కుటుంబాన్ని వాకబు చేయండి.

ప్రశ్న: మాది కంచరపాలెం బర్మా క్యాంప్. మా నాయనమ్మ రంగూన్‌లో పుట్టింది. ఇప్పటికీ బియ్యం కొలిచేటప్పుడు ‘తిత్, హ్నిత్, తోన్’ అని బర్మా లెక్కే పెడుతుంది. తమ్ముడు డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే మొత్తం దక్షిణ భారతం అనే వచ్చింది, బర్మా సున్నా. అవన్నీ కట్టుకథలా అని వాడు ఏడిపిస్తుంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటోంది.

జవాబు: రంగూన్‌లో పుట్టినంత మాత్రాన డీఎన్‌ఏ బర్మాది కాదు నాయనా. దుబాయ్‌లో పుట్టిన మన పిల్లల్ని పరీక్షిస్తే అరబ్బు అని వస్తుందా? బ్రిటిష్ వాళ్ల కాలంలో కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి మనవాళ్లు వేలకు వేలు ఓడెక్కి వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, రైసు మిల్లుల్లో పనిచేశారు. అక్కడ వాళ్లను కోరంగీలు అనేవారు. చాలామంది తమలో తాము పెళ్లిళ్లు చేసుకున్నారు, అలాంటి ఇళ్ల పిల్లల రక్తంలో బర్మా కలిసే అవకాశమే లేదు. 1942లో జపాన్ సైన్యం వస్తోందని కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చినవాళ్లున్నారు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేస్తే ఓడల్లో తిరిగొచ్చినవాళ్లున్నారు. మీ పేట పేరు ఊరికే రాలేదు.

ఆ శాతాలు ఎలా వస్తాయో మీ తమ్ముడికి చెప్పండి. తాతముత్తాతల నుంచి ఒకే ప్రాంతంలో ఉన్న ఇప్పటి మనుషుల శాంపిళ్లు కంపెనీ పోగేసుకుంటుంది. మీ వాడి డీఎన్‌ఏ ముక్కలు వాటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో చూస్తుంది. ఆ శాంపిళ్లు పెరిగే కొద్దీ శాతాలు మారుస్తుంది కూడా. నాయనమ్మ ఏ వీధిలో ఆడుకుందో అందులో ఉండదు. ఆవిడ పెట్టెలో ఓడ టికెట్టో, శరణార్థుల కాగితమో ఉందేమో వెతకమనండి. ఆ లెక్క పెట్టడం మాత్రం ఇవాళే ఫోన్‌లో రికార్డు చేయండి.

ప్రశ్న: షిప్‌యార్డులో రిటైరయ్యాను, ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా అబ్బాయి సియాటిల్ నుంచి వస్తూ నాకో కిట్ తెచ్చాడు. తను ఇదివరకే చేయించుకున్నాడు. నా డీఎన్‌ఏ ఎవరి చేతుల్లో పడుతుందోనని టెన్షన్. నాకు షుగర్ ఉంది, దాని సంగతి కూడా తెలుస్తుందంటాడు.

జవాబు: మీ టెన్షన్ అర్థం లేనిది కాదు. 2023లో 23అండ్‌మీ అనే అమెరికా డీఎన్‌ఏ టెస్టుల కంపెనీలో దొంగలు పడ్డారు. వేరే చోట్ల బయటపడ్డ పాత పాస్‌వర్డులతో సుమారు 14 వేల ఖాతాల్లోకి దూరారు. చుట్టాలను చూపించే సదుపాయం ఉంది కదా, దాని గుండా దాదాపు 69 లక్షల మంది వివరాలు లాగేశారు. తమ పాస్‌వర్డు భద్రంగా ఉంచుకున్నవాళ్లూ చుట్టం పుణ్యాన దొరికిపోయారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత సహ వ్యవస్థాపకురాలు యాన్ వొజిస్కీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది కాబట్టి సరిపోయింది. కొనేది ఇంకెవరైనా కావచ్చుగా?

2018లో కాలిఫోర్నియాలో పాత హత్యల కేసులో ఒక మాజీ పోలీసు దొరికాడు. అతను ఏ కిట్‌లోనూ ఉమ్మలేదు. ఎవరో దూరపు చుట్టాలు తమ వివరాలు వెబ్‌సైటులో పెట్టుకున్నారు, పోలీసులు అక్కడి నుంచి వంశవృక్షం అల్లుకుంటూ వచ్చారు. దొంగ దొరికితే మంచిదే. కానీ మీ అబ్బాయి ఇచ్చినప్పుడే మీ డీఎన్‌ఏలో సగం వెళ్లిపోయిందన్నమాట. అబ్బాయికి ఇంకోటి చెప్పండి. జన్యు వివరాలు చూసి వివక్ష చూపకుండా అమెరికాలో 2008 నాటి జీనా చట్టం ఉద్యోగానికీ, ఆరోగ్య బీమాకీ రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు ఇవ్వదు.

నన్నడిగితే నేను పంపను. మీరు అబ్బాయి మాట కాదనలేక పంపితే మాత్రం, చుట్టాలను చూపించే సదుపాయం ఆపేయండి. పరిశోధనకు ఒప్పుకుంటున్నామన్న గడిలో టిక్కు పెట్టకండి. రిజల్టు వచ్చాక శాంపిల్ పారేయమని రాయండి. ముందుగా మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట చెప్పండి, ఎందుకంటే వాళ్ల గుట్టు కూడా ఆ డబ్బాలో ఉంది.

షుగర్ విషయంలో ఆ రిపోర్టు ‘వచ్చే అవకాశం’ గురించి చెబుతుంది. మీకు ఆల్రెడీ వచ్చేసింది. డాక్టరు రాసిచ్చే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి, గత రెండు మూడు నెలల్లో ఎలా ఉందో అందులో తెలుస్తుంది.